పింగాణీకి పసుపు రాసిన శుక్రవారం

ఏ వస్తువునైనా ముందు తలకిందులు చేసి చూడాలని నాకు నేర్పింది చాచా.

రెండేళ్ల క్రితం, ఈ అరబ్బు ద్వీపంలోనే, మేము జుఫైర్‌లో ఫ్లాటు ఖాళీ చేసి తుబ్లీకి మారాం. మా ఆయనకి సిత్రాలో ఆయిల్ ట్యాంకుల దగ్గర డ్యూటీ, తుబ్లీ నుంచైతే దగ్గర. సామాను వేసుకెళ్లడానికి వచ్చిన వ్యాను చాచాది. అప్పటికి పాపకి ఏడు నెలలు. పాపని భుజాన వేసుకుని ప్రతి అట్టపెట్టె వెనకా మెట్లు దిగుతూ, "జాగ్రత్తండీ, కింద పెట్టేటప్పుడు జాగ్రత్తండీ" అంటూ అందరి ప్రాణాలూ తోడేస్తున్నాను. ఆయన మాత్రం విసుక్కోలేదు. అరవై దాటిన మనిషి, తెల్లటి పొట్టి గడ్డం, మోచేతుల దాకా మడిచిన చొక్కా. హాల్లోకి వచ్చి, టీవీ పక్కనున్న చిన్న పిచ్చుక బొమ్మ దగ్గర ఆగిపోయారు.

ఆ పిచ్చుకని ఎదురు ఫ్లాటులో ఉండే ఒక విదేశీ పెద్దావిడ తన దేశం వెళ్లిపోతూ పాపకిచ్చింది. పింగాణీ బొమ్మని పసిపిల్ల చేతికి ఎలా ఇస్తాం? అది నోట్లో పెట్టుకుంటే, విరిగితే, ఆ ముక్క గొంతులోకి పోతే? అందుకని అందకుండా టీవీ పక్కన పెట్టాను.

చాచా రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకుని, పిచ్చుకని మెల్లగా ఎత్తి, బోర్లించి చూశారు.

"ఏందమ్మా, దీన్ని గిట్ల టీవీ పక్కన పడేసిన్రు?"

"పడెయ్యలేదండీ, పెట్టాను. మీది తెలుగేనా?"

"నిజామాబాద్. ముప్ఫై ఏండ్లయింది వచ్చి." ఆయన చూపు బొమ్మ మీదే ఉంది. అడుగున నీలంగా మూడు అలల గీతలున్నాయి. వాటిని వేలితో చూపించారు. "డెన్మార్క్‌ది ఇది. ఆళ్ల దేశంల మూడు సముద్రపు దారులున్నయట, గవే ఈ మూడు అలలు. నాకంటే పెద్దదే ఉంటది ఈ పిట్ట."

ఆ రోజు మంచం, బీరువా, ఫ్రిజ్ అన్నీ పనివాళ్లు మోశారు. పిచ్చుక మాత్రం ఆయన చొక్కా జేబులో తుబ్లీ చేరింది. దిగాక నేను "చాలా థాంక్సండీ బాబాయిగారూ" అంటే నవ్వారు. "గారు గీరు వద్దు. చాచా అను చాలు."

ఆయన గది కూడా తుబ్లీలోనే, ఒక వడ్రంగి వర్క్‌షాపు పైన. నెల తిరక్కుండానే మమ్మల్ని చాయ్‌కి పిలిచారు. కింద రంపం తిరిగినప్పుడల్లా గది నేల సన్నగా వణుకుతుంది. మనిషికి ఒక మంచం, ఒక గ్యాస్ పొయ్యి, గోడకి ఒక అద్దాల అల్మారా. ఆ అల్మారాలో ఇరవై పైగా బొమ్మలు. ప్రతి బొమ్మ అడుగునా ఆ అడుగు ఆకారానికే కత్తిరించిన మెత్తటి ఫోము ముక్క ఉంది, రంపం వణుకు తగలకుండా.

నేను అలాంటివి అంత దగ్గరగా అప్పటిదాకా చూడలేదు. మనకి పింగాణీ అంటే కప్పులూ, పచ్చడి జాడీలే కదా. చంకలో బాతుని ఇరికించుకుని నడుస్తున్న పిల్ల. ఆకాశంలోకి మూతి ఎత్తిన తెల్ల ఎలుగుబంటి. చక్కెర గడ్డ మీద ఎక్కి కూర్చున్న ఎలుక. ఒక్కదాంట్లోనూ కొట్టొచ్చినట్టుండే రంగు లేదు. అంతా నీలం కలిసిన బూడిద రంగు, దాంట్లో ఎక్కడో కొంచెం గోధుమ. తెల్లవారుజామున సముద్రం నీళ్లు వెనక్కి పోయిన తుబ్లీ ఒడ్డున బురదలో నిలబడే కొంగలు ఆ రంగులోనే ఉంటాయి. బయట ఎండకి కళ్లు చికిలించి చికిలించి వచ్చిన నాకు, ఆ అల్మారా ముందు నిలబడితే కళ్లకి తడిగుడ్డ వేసినట్టు ఉంది.

"ఇన్ని చేసినవాళ్లకి ఎరుపు, పసుపు దొరకలేదా చాచా?"

"దొరకలేక కాదు బేటీ. ఒకసారి కాల్చి, రంగేసి, మీదికెళ్లి గాజు పూత పూసి మళ్ళ బట్టీల పెడతరు. గంత వేడికి అన్ని రంగులు సచ్చిపోతయి. నీలం బతుకుతది. ఒక పచ్చ, ఒక మట్టి రంగు. ఖలాస్. ఉన్న మూడింటితోనే ఎంత పని చేసిన్రో చూడు."

చూశాను. బాతు పిల్ల మోచెయ్యి దగ్గర చొక్కా ముడత పడింది. ఆ ముడతలో నీడ ఉంది. నీడంటే మరేం లేదు, అదే నీలం, కొంచెం చిక్కగా.

చాచా సేకరణ మొదలైంది చెత్తబుట్టలో. ఆయన ఈ దేశం వచ్చిన కొత్తల్లో ఒక డెన్మార్క్ మేడం ఇల్లు ఖాళీ చేస్తుంటే, తోక విరిగిన పిల్లి బొమ్మని ఎవరో పారేశారట. ఆయన పిల్లిని తీసుకుని, అదే చెత్తలో చెయ్యి పెట్టి తోక కోసం గంటసేపు వెతికారట. అతికిన చోటు చూపించమంటే చూపించారు. నాకు కనపడలేదు. వేలితో తడిమితే కూడా తెలియలేదు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివే మనిషి, అడుగున ఉన్న చిన్న చిన్న గుర్తుల్ని బట్టి బొమ్మ వయసు చెబుతారు. అలల మీద అడ్డంగా గీరిన గీతుంటే అది కార్ఖానాలోనే తప్పు దొరికిన సరుకని చెబుతారు. "ఆళ్లు దాస్తలేరు చూడు. తప్పున్నదని గీత గీసే అమ్ముతరు" అని మెచ్చుకున్నారు కూడా.

అన్నిటికంటే పై అరలో ఒక ఫ్లవర్ వాజు ఒంటరిగా ఉంది. జానెడు మీద నాలుగు వేళ్ల ఎత్తు, గుండ్రటి పొట్ట, సన్నటి మెడ, అంచుకి వెంట్రుక మందాన బంగారు గీత. ఒళ్లంతా వల పరిచినట్టు సన్నటి పగుళ్లు.

"పగిలిందా?"

"పగలలే. పగిలేటట్టు చేసిన్రు. లోపలి మట్టి ఒక తీరు చల్లారుతది, పై పూత ఒక తీరు చల్లారుతది. రెంటికి కొట్లాట పెట్టి, ఆ కొట్లాటనే డిజైను చేసిన్రు." అలా చెబుతున్నప్పుడు ఆయన గొంతు దించి మాట్లాడారు, పడుకున్న పిల్ల పక్కన మాట్లాడినట్టు. "ఇవి జోడీగ అమ్మిన్రు. దీని జోడీ కోసం ఏడేండ్ల సంది దేవులాడుతున్న. అడుగున నంబర్ చూసుకో. నువ్వు గూడ ఖాళీ చేసే ఇండ్లకు పోయి చూస్తుండు. కనవడితే చెప్పు. ఒక్కటే మాట, దాంట్ల నీళ్లు పొయ్యకు. పగుళ్లు తాగుతయి."

అడుగుని ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను. అప్పటినుంచి నాకూ అదే పని. దేశం వదిలి వెళ్లేవాళ్లు ఇంటి సామాను అమ్ముతున్నారని వాట్సాప్‌లో కనపడితే చాలు, పాపని పిల్లల తోపుడు బండిలో పడేసుకుని వెళ్లడం. నా అల్మారాలోకి ఒక గుడ్లగూబ, ఒక కుక్కపిల్ల చేరాయి. పాప పడుకున్నాక, దాని ఊపిరి చూసొచ్చాక, ఇలా రాయడానికి కూర్చున్నప్పుడు అవి నా ఎదురుగానే ఉంటాయి. పగలంతా దేనికో ఒకదానికి బెదిరిపోయే నా మనసు వాటి ముందు కాసేపు కూర్చుంటే నెమ్మదిస్తుంది. వందేళ్లు పగలకుండా ఉన్నాయి కదా అనిపిస్తుంది.

ఈ ఎండాకాలం మొదట్లో, ఒక గురువారం, జుఫైర్‌లో ఒక అపార్ట్‌మెంటు కింద హాల్లో సామాను పరిచారు. బ్రెడ్డు కాల్చే మిషనుకీ ఇస్త్రీ పెట్టెకీ మధ్య ఉంది అది. గుండ్రటి పొట్ట, సన్నటి మెడ. బోర్లించాను. మూడు అలలు. ఫోన్ తీసి నంబరు సరిచూశాను. మళ్లీ చూశాను. అమ్ముతున్న పెద్దాయన, నేనెందుకు తబ్బిబ్బు పడుతున్నానో అర్థం కాక నీళ్ల సీసా ఇచ్చారు. దాన్ని పాప స్పేరు గౌనులో చుట్టి, తోపుడు బండిలో పాప కాళ్ల దగ్గర పెట్టి ఇంటికి తెచ్చాను. టాక్సీలో పాప కాలు కదిపినప్పుడల్లా వాజు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

చాచాకి ఫోటో పంపితే వాయిస్ మెసేజ్ వచ్చింది. ముందు చాలాసేపు వ్యాను చప్పుడు. తరవాత, "అరె... అరె బేటీ..." అంతే. కాసేపటికి ఇంకొకటి: "రేపు జుమ్మా నమాజు అయినంక వస్త. మంచిగ పెట్టు."

మరుసటి రోజు శుక్రవారం. ఇక్కడ సెలవు, మనకి లక్ష్మీదేవికి ఇష్టమైన రోజు. తలంటుకున్నాను. గుమ్మానికి పసుపు రాసి, దేవుడికి దీపం పెట్టాను. మా ఇంట్లో కొత్త వస్తువేదైనా పసుపు, బొట్టు పెట్టించుకోకుండా ఉండదు. వాషింగ్ మెషీనుకి ఉంది, మిక్సీకి ఉంది, పాప తోపుడు బండికీ పెట్టాను. కాకినాడలో మా అమ్మ చేసేది, నేనూ చేస్తున్నాను. తొమ్మిదేళ్లుగా ఒక మనిషి ఎదురుచూసిన వస్తువు మా ఇంటి నుంచి వెళ్తోంది, వట్టిగా ఎలా పంపిస్తాం? నీళ్లు పొయ్యకు అన్న మాట నాకు బాగా గుర్తుంది. నీళ్లు పొయ్యలేదు. తడిపిన పసుపులో మూడు వేళ్లు ముంచి, కలశానికి రాసినట్టు, మెడ చుట్టూ రాశాను. కుంకుమ పెట్టబోతుంటే లోపల పాప మంచం మీద నుంచి జారి ఏడ్చింది. అన్నీ వదిలేసి పరిగెత్తాను.

పాపకి ఏమీ కాలేదు. దాన్ని ఊరుకోబెట్టి, తల అంతా తడిమి చూసుకుని తిరిగొచ్చేసరికి అరగంట పైనే అయింది. తడి గుడ్డతో పసుపు తుడిచాను. పైన పోయింది. పగుళ్లలో పోలేదు. మెడ చుట్టూ వలంతా పచ్చటి దారాలు.

కంగారులో వంట సోడా తడిపి రుద్దాను. చూస్తుండగానే పచ్చటి దారాలు ఎర్రబడ్డాయి, పాదాలకి పెట్టిన పారాణిలా. నేను బీఎస్సీ కెమిస్ట్రీ. పసుపుకి క్షారం తగిలితే ఎర్రబడుతుందని మొదటి సంవత్సరం ల్యాబులో నా చేత్తో చేసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. నిమ్మకాయ పిండితే ఎరుపు మళ్లీ పసుపయింది. అంతకుమించి ఏమీ కాలేదు.

నమాజుకి ఇంకా గంటుంది. మా ఆయన సోఫాలో కూర్చుని చూస్తున్నారు.

"ఫోన్ చేసి ఉన్నది చెప్పెయ్" అన్నారు.

"మీరు చెప్పండి."

"నేనేమైనా రాశానా పసుపు?"

"మీకు చెప్పడం కూడా నా బుద్ధి తక్కువ."

ఫోన్ చేశాను. చేసి, "చాచా, ఇవాళ రాకండి. పాపకి జ్వరంగా ఉంది" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే నమ్మబుద్ధి కాలేదు. పాపకి ముక్కు కారితేనే రాత్రంతా కూర్చునే నేను, లేని జ్వరాన్ని దాని నెత్తిన పెట్టాను. అవతల ఆయన "అయ్యో, మందు ఏసినవా? పిల్ల ముఖ్యం బేటీ, అది యాడికి పోతది" అంటున్నారు. అలల మీద గీసిన అడ్డగీత గుర్తొచ్చి ముఖం వేడెక్కింది. సాయంత్రం దాకా గంటకోసారి పాప చంకలో థర్మామీటరు పెట్టి చూశాను.

పసుపు మరకకి మందు ఎండే. పాప బట్టల మీద పప్పు మరకలు సబ్బుకి పోకపోయినా రెండు రోజుల ఎండకి పోతాయి. వాజుని బాల్కనీలో బట్టలారేసే స్టాండు మధ్య నిలబెట్టి, నా చున్నీతో నాలుగు వైపులా కట్టాను. పొద్దున మెడ ఒక వైపుకి, పదింటికి తిప్పి రెండో వైపుకి. మధ్యాహ్నం నుంచి వంటింటి కిటికీలో. ఒకరోజు దుమ్ముగాలి లేస్తే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బాల్కనీ తలుపు తాళం వేసి ఉంచేదాన్ని, పాప గురించి ఒక భయం, వాజు గురించి ఒక భయం. పాప అద్దానికి ముక్కు ఆనించి చూసేది. నేను ఫోన్‌లో జ్వరం, జ్వరం అనడం విని, అలా కట్టేసి కూర్చోబెట్టిన ఆ వస్తువుకే ఒళ్లు బాగాలేదని దానికదే తేల్చుకుంది.

శనివారం చాచా ఫోన్. "తగ్గిందా?" "కొంచెం." ఆదివారం ఫోన్. "తగ్గింది, కానీ నీరసంగా ఉంది." సోమవారం ఫోన్ రాలేదు. తలుపు చప్పుడైంది. చేతిలో దానిమ్మకాయల కవరుతో ఆయనే నిలబడ్డారు. పాప ఇల్లంతా పరిగెడుతోంది.

"మాషా అల్లా! గిదేనా నీరసం?"

నేను నోరు తెరిచేలోగా పాప ఆయన వేలు పట్టుకుని బాల్కనీ తలుపు దగ్గరకి లాక్కెళ్లింది. "తాతా, దానికి జొరం."

చాచా అద్దంలోంచి చూశారు. చున్నీతో కట్టేసి, ఎండలో నిలబడ్డ తన జోడీని చూశారు. తరవాత నన్ను చూశారు. ఇక దాచడానికి ఏముంది? పసుపు, సోడా, నిమ్మకాయ, ఎండ, అన్నీ వరసగా చెప్పేశాను.

"అంటే పిల్లకు జ్వరం రాలె?"

"రాలేదు."

"తోబా తోబా." ఆయన అంత గట్టిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. "చదువుకున్న పిల్లవు. వస్తువు కోసం కన్నబిడ్డ మీద అబద్ధం ఆడతరా? మూడు రోజుల సంది ప్రతి నమాజుల ఈ పోరి కోసం దువా చేస్తున్న నేను. వాజు పగిలిందంటే ఇంకోటి దేవులాడుకుంట. నాకు ఆ పనేనాయె."

ఆయన కవరులోంచి ఒక దానిమ్మకాయ తీసి పాప చేతిలో పెట్టారు. తరవాతే బాల్కనీలోకి వెళ్లి, చున్నీ ముళ్లు విప్పి, వాజుని ఎత్తారు. అడుగు చూశారు. అలల మీద వేలు తిప్పారు. అంచు బంగారు గీతని వెలుతురుకి పెట్టి చూశారు. చివరికి మెడ. మూడు రోజుల ఎండకి ముప్పావు వంతు మరక పోయింది. వెనక వైపు మాత్రం లేత పచ్చటి వల ఇంకా ఉంది. ఆయన పెదాలు కదులుతున్నాయి, ఏమంటున్నారో వినపడలేదు.

"పురాగ ఎర్రగైందా మధ్యల?" అన్నారు.

"పారాణిలా అయింది చాచా."

ఒక్కసారిగా నవ్వొచ్చింది ఆయనకి. ఆపుకోవాలని చూశారు కానీ ఆగలేదు. "పెండ్లికూతురును చేసినవ్ పో దీన్ని! మావోడు తొమ్మిదేండ్లు బ్రహ్మచారిగ కూసున్నడు. శుక్రవారం సంది బండిలనే తిప్పుతున్న వాన్ని, జోడీ చూపిద్దామని. దా, కిందికి పోదాం."

వాజుని నాకే ఇచ్చి, పాపని ఆయన ఎత్తుకున్నారు. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. కింద వ్యానులో ముందు సీటు మీద, తువ్వాలు చుట్టి, సీటు బెల్టు పెట్టి ఉంది ఆయన వాజు. బెల్టు తీసి దాన్ని వ్యాను వెనక చెక్క మీద నిలబెట్టి, నన్ను పక్కన పెట్టమన్నారు.

అవి పక్కపక్కన నిలబడ్డాక చుట్టూ ఉన్న వర్క్‌షాపుల చప్పుడు నాకు కాసేపు వినపడలేదు. ఒకే చెయ్యి తిప్పిన పొట్టలు, ఒకే మెడ. పగుళ్లు మాత్రం వేటి దారి వాటిదే. ఒకదాంట్లో పెద్ద పెద్ద గళ్లు, ఒకదాంట్లో చిన్నవి. ఎక్కడో చలిదేశంలో ఒకే బట్టీలో నుంచి బయటికొచ్చి ఉంటాయి. ఎన్ని ఓడలెక్కి, ఎన్ని ఇళ్లు మారి ఈ ద్వీపంలో, ఈ దుమ్ము పట్టిన వ్యానులో కలిశాయో. చాచా కిందికి వంగి, కళ్లు వాటి ఎత్తుకి తెచ్చి, ఒక వైపు నుంచి ఇంకో వైపుకి నడుస్తూ చూశారు. పాప కూడా అలాగే వంగి నడిచింది.

"ఒక్కటి ఎండల, ఒక్కటి నీడల ఉంటే రంగు కలవది బేటీ" అన్నారు చివరికి. "నా రూంల ఎండ రాదు. రెంటిని నీ తాననే పెట్టుకో. పది రోజులు ఎండ చూపియ్యి. తిప్పుడు నీకు వచ్చింది కదా."

"రెండూనా? చాచా, ఇంట్లో పిల్ల..."

"పిల్ల ఉన్న ఇంట్లనే ఉన్నది కదా ఇన్ని దినాలు?"

ఇంతవరకూ ఆయన తన బొమ్మల్లో ఒక్కదాన్ని కూడా ఇంకొకరి ఇంట్లో ఉంచగా నేను చూడలేదు. ఇంతలో ఆయన ఫోన్ మోగింది. జుఫైర్‌లో పనివాళ్లు మెట్ల మధ్యలో ఫ్రిజ్ ఇరికించుకుని నిలబడ్డారట. "యల్లా, వస్తున్న" అని, రెండు వాజులూ నా రెండు చంకల్లో పెట్టి, వ్యాను తీశారు.

పాప చెయ్యి పట్టుకోవడానికి నాకు ఇంకో చెయ్యి లేదు. "నువ్వు ముందు నడువమ్మా" అన్నాను. రెండంతస్తులు, గోడ పట్టుకుని, ప్రతి మెట్టు మీదా రెండు కాళ్లూ పెట్టి, ఆగి, నన్ను వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ఎక్కింది. అప్పటిదాకా దాన్ని ఒంటరిగా మెట్లెక్కనిచ్చింది లేదు. ఎవరు ముందు పడిపోతారో అని చూస్తూ నేను వెనకాల ఎక్కాను. ఎవరూ పడలేదు.

ఇవాళ పదో రోజు. సాయంత్రం రెంటినీ లోపల పెట్టేటప్పుడు కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. వెనక వైపు, మెడ కింద, వెతికితే కనపడేంత లేతగా పసుపు ఇంకా ఉంది. ఇక పోదనుకుంటాను. వెంటనే ఫోన్ చేశాను.

"పసుపు గీత ఇంకా కనపడుతోంది చాచా. పూర్తిగా పోలేదు."

అవతల రంపం చప్పుడు ఆగేదాకా ఆగారు.

"కనవడనీ. అల్మారాల ఇద్దరికి జాగ చేసిన, ఫోము గూడ కోసిన. రేపు జుమ్మా అయినంక వస్త."